ఎదుటివాళ్ల నీరసం

మా ఆయన పేరు పెద్దయ్య. ఆయనకు షుగర్ పడిపోయినప్పుడల్లా నీరసం ఎదుటివాళ్లకు వస్తుంది. నేను కల్పించి చెప్పడం లేదు. పద్దెనిమిదేళ్లుగా ఇన్సులిన్ వేసుకుంటున్న మనిషి ఒక్కసారి కూడా తనకు కళ్లు తిరుగుతున్నాయని అనలేదు. ఎదురుగా ఎవరుంటే వాళ్లను ఎగాదిగా చూసి, "ఏంది అట్ల వాడిపోయినావు? కూర్చో, ఏమన్నా తిను" అంటాడు. ఆ మాట వినగానే కొమరోలులో మా వీధివాళ్లు ఎవరూ కూర్చోరు. పరుగున పోయి చక్కెర తెచ్చి ఆయన నోట్లో పోస్తారు.

షుగర్ తగ్గితే ఎవరికైనా చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది. మాటిమాటికీ తగ్గడంతో ఈయన ఒంట్లో ఆ హెచ్చరికలన్నీ మొద్దుబారిపోయాయని గిద్దలూరు డాక్టరు చెప్పాడు. "ఇక మీరే కనిపెట్టుకుని ఉండాలమ్మా" అన్నాడు నాతో. మా ఆయన ఆ డాక్టర్నే జాలిగా చూస్తూ, "సారూ, మీరు పొద్దున్నుంచి ఏమీ తిన్నట్టు లేదే" అన్నాడు. అక్కడికక్కడే షుగర్ చూసే మిషను తీసి ఈయన వేలికి సూది పొడిచాను. యాభై ఎనిమిది.

మా చెల్లెలి కూతురు రమణి పెళ్లి పుల్లలచెరువులో జరిగింది. తలంబ్రాల వేళకు ఈయన మండపమెక్కి పెళ్లికొడుకు భుజం పట్టుకున్నాడు.

"నాయనా, తూలుతాండావు. కూర్చో."

"కూర్చోనే ఉండా మామా."

"అయితే పండుకో."

పురోహితుడు మంత్రం ఆపేశాడు. భోజనాల దగ్గర్నుంచి లడ్డూ పట్టుకుని నేను పరిగెత్తిన పరుగు పెళ్లి వీడియోలో ఇప్పటికీ ఉంది. వీడియో తీసినతను దానికి సన్నాయి కూడా కలిపాడు.

కంభం సంతలో మనుషులు దొరకలేదో ఏమో, ఒక మేకకు నీరసం వచ్చింది. నేను జేబులో పెట్టిన బిస్కెట్ ప్యాకెట్టంతా దానికి తినిపించాడు. "మేకకు షుగరేంది మామా" అని అమ్మేవాడు మొత్తుకుంటుంటే నేను పరుగున అక్కడికి చేరాను. మేక కులాసాగా ఉంది. ఈయనకు నలభై తొమ్మిది.

చెప్పుకుంటే నవ్వొస్తుంది. పోయినేడు కంది చేలో మాత్రం ఎదురుగా ఎవరూ లేరు. ఎవరూ లేనప్పుడు నీరసం ఎవరికి రావాలి? సద్ది తీసుకుని నేను పోయేసరికి బోరు పక్కన పడి ఉన్నాడు. పళ్లు గిట్టకరుచుకుని ఉన్నాయి. పిలిస్తే పలకలేదు. అంబులెన్సువాళ్లు వచ్చి గ్లూకోజు ఎక్కించాక కళ్లు తెరిచి, నన్ను చూసి, "ఏందే యశోదా, మొగమట్ల పీక్కపోయింది? తిన్నావా?" అన్నాడు.

ఆ రోజు నుంచి నేను మనిషిని కాను. ఆయన బయటికి పోతే ఊపిరాడదు, ఇంట్లో ఉంటే కళ్లు ఆయన మీదే. గంటకోసారి ఫోన్ చేస్తాను. "తిన్నా" అంటాడు. తిన్నాడో లేదో ఆ దేవుడికే తెలియాలి. ఏదో ఒక రోజు నేను చేరేసరికి ఆలస్యమైపోతుందని నాకు లోపల రూఢి అయిపోయింది. తప్పించే దారి మాత్రం కనబడలేదు.

మొన్న బుధవారం డాక్టరుకు చూపించడానికి రామాంజి ఆటోలో గిద్దలూరు బయలుదేరాము. రామాంజి మా వీధివాడే. ఆటోలో ఏడుగురం. మా ఆయన వాడి పక్కన కూర్చున్నాడు. దారిలో, మాతోపాటు ఎక్కిన సంతోషమ్మ తన ఊరి దగ్గర ఆపమని రెండుసార్లు అరిచినా వాడు ఆపకుండా ముందుకు పోయాడు. అప్పుడు మా ఆయన ఒక మాట అన్నాడు.

"ఆటో ఆపురా. నాకు షుగర్ పడిపోయింది."

ఈ మనిషి తనంతట తాను ఒప్పుకున్నాడంటే ఇరవైకి దిగిపోయి ఉంటుందనుకున్నాను. ఆటో ఊగుతూ పోయి రోడ్డు పక్కన ఆగింది. మా ఆయన నా చేతిలోని గ్లూకోజు ప్యాకెట్టు, నీళ్ల సీసా లాక్కుని, "రామాంజీ, పట్టుకోరా, నడవలేకుండా ఉండా" అంటూ వాడి భుజం మీద చెయ్యేసి వేపచెట్టు చాటుకు పోయాడు.

వెనకే పరిగెత్తాను. పోయి చూస్తే నేల మీద కూర్చున్నది రామాంజి. చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది. మా ఆయన గ్లూకోజు పొడి నీళ్లలో కలిపి కొంచెం కొంచెం తాగిస్తున్నాడు. ఇద్దరి వేళ్లకూ సూది పొడిచాను. మా ఆయనకు నూటయాభై నాలుగు. రామాంజికి నలభై ఆరు.

"అత్తా, రెండేండ్ల నుంచి షుగర్ మాత్రలు మింగుతాండా. పొద్దున మాత్రేసుకుని సద్ది తినకుండా వచ్చినా" అన్నాడు వాడు కాస్త తేరుకున్నాక. "ఎవురికీ చెప్పొద్దు. తెలిస్తే నా ఆటో ఎవురెక్కుతారు?"

"చెప్పం" అన్నాడు మా ఆయన. "ఈ పొద్దు నువ్వు మాతో డాక్టరు కాడికి రావల్ల. ఆయన సరేనన్నదాకా బండి తోలగూడదు. తోల్తే మాత్రం ఊరంతా మైకు పట్టుకోని చెప్తా."

వాడు సరేనన్నాడు.

ఆటోలోవాళ్లు మా ఆయన్ని తిట్టుకుంటూ దిగిపోయారు. "ఈ పెద్దాయనతో ఎప్పుడూ ఇంతే. ఇంట్లో ఉండక ఎందుకొస్తాడో" అంది సంతోషమ్మ, వచ్చిన దారినే నడిచి పోతూ. ఈయన తల వంచుకుని, "తప్పయిపోయిందమ్మా" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. "ఎందుకయ్యా ఆ మాటలు పడేది?"

"నాకా పేరు ఎట్లాగూ ఉంది. వానికి ఆ ఆటో తప్ప ఇంకేముంది?"

"అయినా వానికి పడిపోయిందని నీకెట్ల తెలిసింది?"

"చెమటలు పడతాయి, చూపు నిలబడదు, చెప్పింది చెవికెక్కదు అని రోజూ నాకు పాఠం చెప్తావు గదా. నా ఒంట్లో అవేవీ నాకు తెలియవు. వాని మొగంలో అన్నీ కనపడినాయి."

ఆయన చెవికెక్కడం లేదనుకుంటూనే పద్దెనిమిదేళ్లు చెప్పిన పాఠాలు అవి. రామాంజి ఆటోకు తాళం వేశాడు. ముగ్గురం బస్సెక్కి గిద్దలూరు చేరాము.

డాక్టరు తలెత్తి చూసి, "ఈ పొద్దు ఎవరికమ్మా?" అన్నాడు.

మా ఆయన రామాంజిని చూపించాడు. రామాంజి మా ఆయన్ని చూపించాడు.

"ఇద్దరికీ సారూ" అన్నాను కుర్చీ లాక్కుని కూర్చుంటూ. "ముందు నాకు బీపీ చూడండి."