ఎడమవైపు చప్పుడు

మా కారు ముందు ఎడమవైపు నుంచి ఒక చప్పుడు వచ్చేది. గుంటలో పడితే ధడ్, స్పీడ్ బ్రేకర్ దిగితే ధడ్. ఎడమవైపు అంటే నేను కూర్చునే వైపు. నా నడుములో డిస్కు జారకముందు ఆ చప్పుడును నేను పట్టించుకున్నదే లేదు. జారాక మాత్రం ప్రతి ధడ్ నేరుగా వెన్నులోకే వచ్చి తగిలేది.

సెలవు అయిపోయి, యూనివర్సిటీలో మళ్ళీ పాఠం చెప్పడానికి బయలుదేరిన రోజు తార్నాక నుంచి క్యాంపస్ దాకా పంటి బిగువున కూర్చున్నాను. ఎంత దూరమని! గేటు దాటగానే ఉన్న స్పీడ్ బ్రేకర్ మీద నుంచి కారు దిగినప్పుడు నా నోట్లోంచి కేక వచ్చింది. "వెనక్కి తిప్పు" అన్నాను మా ఆయనతో. ఇంటికొచ్చి, నడుముకు కట్టిన బెల్టు కూడా విప్పకుండా మంచం మీద పడి ఏడ్చాను. నొప్పికి కాదు, భయానికి. పిల్లల ముందు నిలబడి బోటనీ చెప్పడం తప్ప నాకు ఇష్టమైన పని ఇంకొకటి లేదు. అదీ పోతోందనుకున్నాను. ఆటో ఎక్కితే కుదుపు ఇంకా ఎక్కువ. ఆ సాయంత్రం "ఉద్యోగం మానేస్తా" అనేశాను.

"కారు ఖరాబైతే కారును బాగుజెయ్యాలె. నడుమ నీ కొలువేం జేసింది?" అన్నాడాయన.

మాది కర్నూలు వైపు, ఆయనది సిద్దిపేట వైపు. ఈ క్యాంపస్‌లోనే కలిసి చదువుకున్నాం కాబట్టి ఇంట్లో 'నువ్వు', నలుగురిలో 'మీరు'. ఆయనకు ఒక జబ్బుంది. ఇంట్లో ఏది చెడినా తనే విప్పాలి. ఆయన బాగుచేసిన మా మిక్సీ, మూత మీద బలంకొద్దీ చెయ్యి అదిమితే తప్ప తిరగదు. అందుకే ఆదివారం పొద్దున ముషీరాబాద్ నుంచి కొత్త బుష్షులు తెచ్చి, గేటు లోపల కారుకు జాకీ పెడుతుంటే నా గుండెల్లో రాయి పడింది.

చక్రాన్ని కారుకు పట్టి ఉంచే ఇనుప చెయ్యి ఒకటి ఉంటుంది. దాని కీలులో ఉండే రబ్బరు ముక్కే బుష్షు. చక్రం పైకీ కిందికీ ఊగేటప్పుడు ఇనుమూ ఇనుమూ కొట్టుకోకుండా ఆ దెబ్బలు తను తింటుంది. నేను వరండాలో కుర్చీ వేసుకుని చూస్తున్నాను. ఆయన ఆ చేతిని ఊడదీసి, పాత బుష్షును నానా తంటాలు పడి బయటికి తీసి నా అరచేతిలో పెట్టాడు. పగుళ్ళిచ్చి, జిగటగా ఉంది.

"సూడు, గిదే నీ డిస్కు."

"నా డిస్కు ఇంత కొబ్బరినూనె వాసన రాదులే."

కిర్రుమన్న ప్రతిదానికీ కొబ్బరినూనె పోయడం మా ఇంటి వైద్యం. తలుపు బందులకు పోశాం, నా నడుముకు రాశాం, పోయిన ఎండాకాలం ఈయనగారు కారు కిందికి దూరి బుష్షులకూ పోసి వచ్చాడు. రబ్బరు అది తాగి ఉబ్బి మెత్తబడింది. ఈసారి బుద్ధిగా సబ్బునీళ్ళు పూసి కొత్తవి ఎక్కించాడు. మధ్యాహ్నానికి రెండు వైపులా చేతులు బిగించి, చక్రాలు తొడిగి, కారును నేలకు దించాడు. చమట తుడుచుకుంటూ, "అయిపోయింది. రేపటిసంది పువ్వుల తేరే" అన్నాడు.

నేను అప్పుడు నా బెల్టుతో కుస్తీ పడుతున్నాను. పొద్దున మంచం మీద పడుకునే కట్టుకున్నాను. లేచి కూర్చునేసరికి అది పక్కటెముకల్లోకి పొడుచుకుంటోంది. విప్పి, నిలబడి మళ్ళీ కట్టుకుంటుంటే ఒక అనుమానం వచ్చింది.

"ఏమబ్బా, ఆ బుష్షుల బోల్టులు చక్రాలు గాల్లో వేలాడేటప్పుడు బిగించావు గదా. ఇప్పుడు బండి కాళ్ళ మీద నిలబడింది. లోపల రబ్బరు మెలిపడదా?"

ఆయన కారు వంక చూశాడు, నా బెల్టు వంక చూశాడు.

"పడతది," అన్నాడు నీరసంగా. "గిట్లనే ఉంచితే నెలల్లనే చినుగుతది. జర ముంగట జెప్పద్దా?"

ఆకలి మీదున్న మనిషితో వాదన ఎందుకని అన్నం పెట్టాను. తిన్నాక కారును మళ్ళీ జాకీతో ఎత్తి, పాత మంచం చెక్కలు తెచ్చి ముందు చక్రాల కింద పేర్చాడు, వెనక చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టాడు. ఇప్పుడు కారు తన చక్రాల మీదే నిలబడి ఉంది, కింద మనిషి దూరేంత సందూ ఉంది. బోల్టులు వదులు చేయగానే కారు నిట్టూర్చినట్టు కొంచెం కిందికి దిగింది.

"ఎక్కి కూసో," అన్నాడు.

"నేనెందుకు?"

"రోజూ దీంట్ల కూసునేది ఎవరు? నీ బరువు మీదనే బిగియ్యాలె."

తన బరువుకు బదులు డ్రైవర్ సీట్లో బియ్యం సంచులు పెట్టాడు. మొగుడి కన్నా ఆ సంచులే నయం, పక్కన కూర్చుని సలహాలు ఇవ్వవు అనుకుంటూ ఎక్కాను. ఆయన కిందికి దూరాడు. పానా కిర్రుమన్నప్పుడల్లా నా పాదాల కింద కారు సన్నగా అదిరేది. ఆ ఇనుమంతా ఆయన గుండెల మీద ఉందని అప్పుడు తట్టింది. నేను కదిలితే ఏమవుతుందోనని ఊపిరి కూడా మెల్లగా తీసుకున్నాను. ఈ మనిషి క్షేమంగా బయటికొస్తే చాలు, మిక్సీ గురించి ఇంకెప్పుడూ దెప్పననుకున్నాను. ఆయన మసి మొహంతో బయటికొచ్చి నవ్వేదాకా నాకొక నడుముందనే గుర్తులేదు.

సోమవారం బయలుదేరే ముందు ఒక షరతు పెట్టాను. నొప్పి వస్తే మారుమాట లేకుండా వెనక్కి తిప్పాలి. రాకపోయినా నా క్లాసు అయ్యేదాకా బయటే కారులో ఉండాలి. ఆఫీసుకు ఆలస్యమైనా సరే, ఉంటానన్నాడు. క్యాంపస్ గేటు దాటాం. కారు స్పీడ్ బ్రేకర్ ఎక్కింది, దిగింది. చప్పుడు లేదు. ఆయన రోడ్డు మీద నుంచి చూపు తిప్పలేదు. తలుపు పైనున్న పిడిని పట్టుకున్న నా చెయ్యి మెల్లగా ఒళ్ళోకి దిగింది.

డిపార్టుమెంటు ముందు కారు ఆపి, ఇంజను ఆర్పి, మాట ప్రకారం సీటు వెనక్కి వాల్చుకున్నాడు. మెట్ల మీద మా విద్యార్థులు నిలబడి ఉన్నారు. నేను దిగి, కిటికీ దగ్గర వంగబోయి, నడుము గుర్తొచ్చి నిటారుగానే నిలబడి చెప్పాను.

"మీరు వెళ్ళండి. ఆఫీసుకు లేటవుతుంది."