చాయ్ మానేసిన రోజు కొలత

కాప్రాలో మా లేత్ షాపుకి ఎప్పటి నుంచో ఒక అలవాటు ఉంది. బేరింగ్ కూర్చునే గుండ్రటి రంధ్రాన్ని, అంటే బోరును, ఆఖరి కోతకు తెచ్చి, మిషన్ ఆపి చాయ్ తాగుతాం. తాగాకే గేజ్ లోపల పెట్టి కొలుస్తాం. ఇది పుస్తకం చూసి పెట్టుకున్న నియమం కాదు, నాలుక చెప్పినట్టు విన్నాం.

రంజాన్ నెలలో నా భాగస్వామి భాయ్ ఉపవాసం ఉంటాడు. ఆయన ముందు గ్లాసు పట్టుకోవడం నాకు బాగుండదు. అందుకని ఆ ఏడు నాకూ చాయ్ బందే.

అప్పుడే చిలకలగూడలో గిర్నీ నడిపే అక్క ఒక హౌసింగ్ తెచ్చింది, బేరింగ్‌ను పట్టి ఉంచే ఇనుప గూడు. బేరింగ్ కూర్చునే చోటు అరిగి వదులైపోయింది. అవి కారం పట్టించే రోజులు. గిర్నీ ఆగితే మిరపకాయల డబ్బాలు పక్క వీధి గిర్నీకి పోతాయి, పోయినవి ఆ ఏడాదికి మళ్ళీ రావు. ఒంటిచేత్తో నెట్టుకొస్తున్న మనిషి.

అరిగిన చోట గొట్టం ముక్కలాంటి ఇనుప బుష్ దించి, లోపల కొలతకు కోశాను. గేజ్‌ను మెల్లగా ఊపితే ముల్లు ఒకచోట వెనక్కి తిరుగుతుంది, అదే అసలు కొలత. కావలసిన కొలతకు సున్నా పెట్టుకున్నాను, ముల్లు సరిగ్గా అక్కడే తిరిగింది. అక్క కొని తెచ్చిన బేరింగ్ బొటనవేలితో నొక్కితే కూర్చుంది. నా పనితనానికి నేనే మురిసిపోయాను.

మర్నాడే అక్క హౌసింగ్ పట్టుకుని ఆటో దిగింది. గిర్నీ నడిపితే చెయ్యి పెట్టలేనంతగా కాలుతోందట. నాకు చిర్రెత్తుకొచ్చింది, నకిలీ బేరింగ్ కొని ఉంటావన్నాను. ఆమె హౌసింగ్‌ను బల్ల మీద పెట్టింది. భాయ్ తంటాలు పడి బేరింగ్ లాగి, బోరు కొలిచాడు. మిల్లీమీటరులో వందో వంతులు రెండు తక్కువ.

"నిన్న మనం చాయ్ తాగలే తమ్మీ," అన్నాడు.

కోత వేడికి ఇనుము సాగి బోరు పెద్దదిగా కనబడింది. చల్లారాక ముడుచుకుని బేరింగ్‌ను పిసికేసింది. వేడి సంగతి మాకు తెలియనిది కాదు. ఇన్నేళ్ళూ ఆగే పని చాయ్ చూసుకుంది, మేం పట్టించుకోలేదు.

అక్క అందుకుంది. "పిండి వేడిగున్నప్పుడు డబ్బా మూత పెట్టొద్దని వచ్చినోళ్లందరికీ చెప్త. మీకు సుత చెప్పాల్నా అన్నా?"

మళ్ళీ కొద్దిగా కోసి హౌసింగ్‌నూ, గేజ్‌నూ, మేం తెచ్చిన కొత్త బేరింగ్‌నూ కలిపి, మూడూ ఒకే చల్లదనానికి రావాలని నేల మీది షాబాద్ బండ మీద పెట్టాం. అక్క ఫోన్ మోగుతూనే ఉంది. రేపు పొద్దుగాల రమ్మని ఒక్కొక్కరికీ చెబుతుంటే ఆమె గొంతు తగ్గిపోతూ వచ్చింది. వినలేక గేజ్ కోసం లేవబోయాను. భాయ్ నా చొక్కా పట్టి కూర్చోబెట్టాడు.

అజాన్ వినిపించింది. భాయ్ ఖర్జూరంతో ఉపవాసం విడిచాడు. చాయ్ వచ్చాక మొదటి గ్లాసు అక్కకే ఇచ్చాడు. ఆమె తాగి, హౌసింగ్‌పై అరచెయ్యి ఆనించి చూసింది.

"చల్లగైంది. ఇగ కొలువు."

మర్నాడు నకిలీ బేరింగ్ అన్న మాటకు క్షమించమని అడుగుదామని చిలకలగూడ వెళ్ళాను. గిర్నీ ముందు వరుసగా డబ్బాలు. హౌసింగ్ తాకి చూశాను, గోరువెచ్చగా ఉందంతే. నేను మొదలుపెట్టేలోపే అక్క మిరపకాయల డబ్బా ఎత్తుకుని వచ్చింది.

"జెర జరుగన్నా, అడ్డమున్నవ్," అంది.