సగం దగ్గర ఆగిన ముల్లు

మంచి సంగతులు మరిచిపోతానేమో గానీ, నన్ను నవ్వులపాలు చేసినవాళ్లను మాత్రం మరవను. కట్టుకున్నవాడైనా సరే.

కార్తీకమాసంలో ఓ ఉదయం తెనాలి నుంచి బాపట్ల కాలేజీకి కారులో వెళ్తుంటే, చుండూరు దాటగానే బండి ఆగిపోయింది. పెట్రోలు ముల్లు సగం దగ్గరే ఉంది. ట్యాంకులో చుక్క లేదు. పరీక్ష డ్యూటీకి అందుకోలేక ప్రిన్సిపాల్ చేత మాటపడ్డాను. ఇంటికొస్తే మా ఆయన, "లెక్కల మేడంకి సగమేదో సున్నా ఏదో తెలియలేదు" అని నవ్వి తాళం లాక్కున్నాడు. నలభై రెండో ఏట, ఆయన వద్దంటున్నా పట్టుబట్టి నేర్చుకున్న డ్రైవింగు నాది.

మర్నాడు బస్సు దిగి తిన్నగా మా కారు చూసే మెకానిక్కు దగ్గరికి వెళ్లాను.

"ట్యాంకులో పెట్రోలు మీద తేలే బెండు ఒకటుంటదమ్మా. పెట్రోలు తగ్గేకొద్దీ అది కిందికి దిగాలి. దాని కడ్డీ పట్టేసింది. ఇంక ముల్లు ఎట్టా కదులుద్ది? సారుకి ఎప్పుడో చెప్పానండి. ట్యాంకు దించాలంటే, తర్వాత చూద్దాంలే అన్నారు."

తెలిసీ నాకు చెప్పలేదు. తెలిసీ నవ్వాడు. ఒళ్లు మండిపోయింది. అయినా ఇంట్లో నోరెత్తలేదు. ఏ చుట్టం వచ్చినా ఆయన అదే కథ చెప్పేవాడు. నేనూ నవ్వేదాన్ని. నలుగురిలో పోయిన పరువు నలుగురిలోనే రావాలని అదను కోసం కాచుకున్నాను.

మాఘంలో మా ఆడపడుచు రేపల్లెలో గృహప్రవేశం చేసుకుంది. భోజనాల బంతిలో ఆయన మళ్లీ మొదలుపెట్టాడు. చుట్టాలు పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. నేను ఎడమచేత్తో ఫోను తీసి, స్పీకరు పెట్టి, మెకానిక్కుకి చేశాను.

"బాబాయ్, ముల్లు పాడైందని మా సారుకి ఎప్పుడు చెప్పారండి?"

"దసరాకి ముందేనమ్మా. మేడంగారు దూరం ఎల్తారు, బాగుచేసేదాకా ఆమెకి ఇయ్యొద్దని కూడా చెప్పా. ఏంటమ్మా, ఇంకా చేయించలేదా?"

నవ్వులు ఆగిపోయాయి. మా అత్తగారు కొడుకు వైపు చూసి, "అయితే దాన్ని రోడ్డు మీద నిలబెట్టింది నువ్వేనన్నమాట" అన్నారు. ఆయన తలెత్తకుండా పెరుగన్నం కలుపుతూ కూర్చున్నాడు. నాకు జాలి కలగలేదు. చేయి కడుక్కొచ్చి తాళం అడిగాను. అందరూ చూస్తుండగా ఇచ్చాడు.

అత్తగారిని ముందు సీట్లో కూర్చోబెట్టుకున్నాను. ఆయన వెనక తలుపు తీయబోతే లోపలి నుంచి లాక్ వేశాను. రేపల్లె నుంచి తెనాలికి రైలుంది, రాక ఎక్కడికి పోతాడు?

అత్తగారు వెనక్కి తిరిగి కూడా చూడలేదు. సీటు బెల్టు ఎలా పెట్టుకోవాలో అడిగారు.