అత్త ఎత్తిన చెయ్యి

పోయిన వారం హిందూపురంలో మా వార్డు సభ జరిగింది. మునిసిపాలిటీ వాళ్ళు ఒక కల్యాణమండపంలో ప్లాస్టిక్ కుర్చీలు వేయించి, ఈ ఏడు ఏయే పనులకు ఖర్చు పెట్టబోతున్నారో మైకులో చదివారు. సగం మంది ఫోన్లు చూసుకుంటున్నారు, మిగతా సగం ఫ్యాను కింద కుర్చీ ఎప్పుడు ఖాళీ అవుతుందా అని చూస్తున్నారు. చదవడం అయ్యాక "ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి" అన్నారు. చుట్టూ చేతులు లేచాయి. నాకు ఆ పనుల మీద ఏ పేచీ లేదు, మా సందు కాలువ కూడా అందులో ఉంది. అయినా నా చెయ్యి ఒళ్ళోంచి లేవలేదు. పక్కావిడ మోచేత్తో పొడిచింది. నేను మాత్రం మా మేనత్తను తలుచుకుంటూ కూర్చున్నాను.

మా నాయనకు అక్క ఆమె. పెనుకొండకు అవతల, పెద్దరోడ్డు దిగి కొంత దూరం నడిస్తే వచ్చే మెట్ట ఊరు ఆమెది. నాకు యాభై దాటి జుట్టుకు రంగు వేసుకుంటున్నా నన్ను "పాపా" అనే పిలుస్తుంది. ముందు ఆమె చెయ్యి గురించి చెప్పాలి. వయసంతా గొర్రెలు కాచిన చెయ్యి, అరచెయ్యి చేటంత ఉంటుంది. ధర్మవరం పోయే ఎక్స్‌ప్రెస్ బస్సులకు వాళ్ళ ఊరి దగ్గర స్టాపు లేదు. ఆమెకు ఆ సంగతి పట్టేది కాదు. రోడ్డు అంచున నిలబడి, భుజం చెవికి ఆనేదాకా చెయ్యెత్తి, అరచెయ్యి తెరిచి పట్టుకునేది. ఊపేది కాదు. ఊపడం బతిమాలుకునేవాళ్ళ పని అని ఆమె లెక్క. డ్రైవరు తిట్టుకుంటూనే బ్రేకు వేసేవాడు. "ఈడ స్టాపు యాడుందవ్వా?" అని కండక్టరు ఎగిరితే, "నేను నిలబడిందే స్టాపప్పా" అని ఎక్కి కూర్చునేది. ధర్మవరంలో మా పుట్టింటికి ఎప్పుడొచ్చినా, చెప్పులు విప్పకముందే ఆ రోజు బస్సును ఎట్లా ఆపిందో చెప్పేది. మా నాయన నవ్వి నవ్వి పొట్ట పట్టుకునేవాడు.

వాళ్ళ వీధి ఊరికి ఎగువన ఉంటుంది, మిట్టవీధి అంటారు. కింద ఊళ్ళో కుళాయిలు ఉన్నాయి, మిట్టకు పైపు లేదు. ట్యాంకరు వస్తే వచ్చినట్టు, లేకపోతే బిందెలు నెత్తిన పెట్టుకుని ఏటవాలు దారిలో దిగి ఎక్కడమే. ఇంతలో ఎర్రమంచి దగ్గర కార్ల ఫ్యాక్టరీ వచ్చింది. చుట్టుపక్కల ఊళ్ళలో లాగే వాళ్ళ ఊరి వెనక చేలల్లో కూడా ప్లాట్ల రాళ్ళు పాతారు. ఒక ఏడు పంచాయతీ దగ్గర ఒక్క పనికి సరిపడా డబ్బే ఉందన్నారు. మిట్టవీధికి పైపు వేయాలి, లేదా ఇంకా ఒక్క ఇల్లూ లేవని ఆ ప్లాట్లకు సిమెంటు రోడ్డు వేయాలి. ఏది కావాలో గ్రామసభలో ఊరివాళ్ళే తేల్చాలి. అత్త అంతకుముందు ఏ సభకూ పోయిన మనిషి కాదు. ఆ ఏడు మాత్రం వీధిలో ఆడవాళ్ళందరినీ వెంటేసుకుని పోయింది. మాట్లాడటం తమకు రాదు గనక, ఆమె ఏం చేస్తే అదే చేద్దామని వాళ్ళు అనుకున్నారు.

నేను చూసింది కాదు, ఆమె చెప్పగా విన్నది. బడి వరండాలో కార్యదర్శి కాగితం పట్టుకుని పుస్తకాల తెలుగులో గబగబా చదివాడట. రోడ్డు అన్న మాట చెవిన పడగానే అత్త చెయ్యెత్తింది. బస్సును ఆపే చెయ్యే. ఆగప్పా, మా మాట విను అని ఎత్తింది, ఎత్తి అట్లాగే పట్టుకుంది. ఆయన తల ఎత్తకుండా చివరిదాకా చదివి, "ఆమోదించేవారు చేతులెత్తండి" అన్నాడు. ఆమె చెయ్యి అప్పటికే పైన ఉంది. దాన్ని చూసి మిట్టవీధి ఆడవాళ్ళంతా వరసగా ఎత్తారు. ఎవరో ఫొటో తీశారు. టీలు వచ్చాయి. "అప్పా, మా ఈది పైపు మాటేంది?" అని అత్త లేచి అడిగితే, "అది అయిపోయిందమ్మా. అందరికంటే ముందు రోడ్డుకు చెయ్యెత్తింది నువ్వే గదా" అన్నాడు కార్యదర్శి.

వీధివాళ్ళు ఆమెను తిట్టి ఉంటే బాగుండేది, ఆమెకు తిట్లతో తలపడటం తెలుసు. ఎదురింటి కోడలు మాత్రం చంకలో బిడ్డతో, నెత్తిన బిందెతో మిట్ట ఎక్కుతూ, "నీ చెయ్యి జూసే గదత్తా నేనూ ఎత్తినా" అందట. ఆ మాట ఆమెను తినేసింది. ఆ రోజు నుంచి ట్యాంకరు వస్తే అందరూ పట్టుకున్నాకే తన బిందె పెట్టేది. చాలాసార్లు ఆమె వంతు వచ్చేసరికి పైపులో గాలి తప్ప ఏమీ మిగిలేది కాదు.

ఆ తీర్మానం మార్పించాలని పెనుకొండలో మండలాఫీసుకు నన్ను తోడు తీసుకుపోయింది. అక్కడి ఆఫీసరు మర్యాదస్తుడే, కుర్చీ వేయించాడు. కంప్యూటరు మా వైపు తిప్పి సభలో తీసిన ఫొటో చూపించి, "ఇది నువ్వే గదమ్మా?" అన్నాడు. "నేనే సార్." "చెయ్యి ఎత్తినావు గదా?" "ఎత్తినా సార్. ఆగమని ఎత్తినా." ఆయన నవ్వాడు. ఎందుకు ఎత్తిందో రాయడానికి అందులో చోటు లేదన్నాడు. ఆ నవ్వు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అత్త టికెట్టు కొంగున ముడేసుకుని, "ఫొటో బాగానే వచ్చిండాది పాపా" అంది. కార్డుల కోసం తీసినవి కాక ఆమెకు తీసిన మొదటి ఫొటో అది.

మరుసటి ఏడు మిట్టవీధి గట్టిగా తీర్మానం చేసుకుంది. ఎవరేం చదివినా, ఏమన్నా, ఒక్క చెయ్యి కూడా లేవకూడదు. ఈసారి నేనూ పోయాను. అందరూ చేతులు కొంగుల్లో చుట్టుకుని బిగుసుకుని కూర్చున్నారు. ఆ ఏడు ప్లాట్లకు వీధిదీపాలట, పైపు ఊసే లేదు. కార్యదర్శి చదవడం ముగించి, "అభ్యంతరం ఉన్నవారు చేతులెత్తండి" అన్నాడు. అనుకున్న ప్రకారం మిట్టవీధిలో ఒక్కరూ కదల్లేదు. ప్రశ్న మారిందని అత్తకు తట్టేసరికి, కొంగులో చిక్కిన చెయ్యి ఊడి రాలేదు. నేను లేచి "ఆగండి" అని అరిచాను. "మీది ఈ ఊరు కాదు గదమ్మా, కూర్చోండి" అన్నారు. అంతలోనే ఏకగ్రీవమని రాసుకున్నారు. ఫొటోలో అందరూ చేతులు కట్టుకుని బుద్ధిగా కూర్చున్నట్టు వచ్చిందని తర్వాత ఎవరో చెప్పారు.

ఆ సాయంత్రం నన్ను బస్సెక్కించడానికి అత్త రోడ్డుదాకా వచ్చింది. దూరంగా ఎక్స్‌ప్రెస్ కనబడింది. నేను బ్యాగు భుజాన వేసుకుని ఆమె వైపు చూశాను. ఆమె కదల్లేదు. బస్సు మా ముందునుంచి దుమ్ము లేపుకుంటూ పోయింది.

"చెయ్యెత్తలేదేం అత్తా?" అన్నాను.

"ఏమో పాపా, ఎత్తితే ఏమని రాసుకుంటారో" అంది.

నేను నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆగిపోయాను. నవ్వించడానికి అన్న మాట కాదది.

మిట్టకు పైపు ఇప్పటికీ రాలేదు. ప్లాట్లలో మాత్రం దీపాలు సాయంత్రం కాగానే రాళ్ళ మీద వెలుగుతాయి. అత్తకు భుజం పట్టేసి చెయ్యి చెవిదాకా లేవదు, తల దువ్వాలన్నా ఎదురింటి కోడలే రావాలి. మనిషి ముసలిదయింది. పెనుకొండ ఆఫీసులో ఆ ఫొటోలో మాత్రం ఆమె చెయ్యి ఇన్నేళ్ళూ పైనే ఉంది, ఎందుకెత్తావమ్మా అని అడిగే మనిషి ఇంకా రాలేదు.