ఎనిఫా కుడికన్ను

ఎనిఫా కుండలు చేసేది. ఫలోంబే సంతలో ఆమె కుండలకు ఎంత గిరాకీయో, ఆమె నోరంటే జనానికి అంత హడలు. గీచి గీచి బేరమాడేవాణ్ణి, "నీ మొహానికి డొక్కు డబ్బా చాల్లే, పో!" అనేది. యాభై దాటాక రెండు కళ్ళకూ పొరలు కమ్మాయి. అయినా మట్టి వదల్లేదు. అంచులు వేళ్ళతోనే సరిచేసేది. కాల్చేటప్పుడు మాత్రం మంట రంగు కనబడక సగం కుండలు పగిలిపోయేవి. ఇంట్లో తిండిగింజలకు కటకట మొదలైంది. భర్త లైటన్ చెయ్యి పట్టుకుని నడిపిస్తుంటే ఊరి పిల్లలు వెనకాల కళ్ళు మూసుకుని నడుస్తూ వెక్కిరించేవాళ్ళు.

నేను బిజ్విక్‌ని. మా ఊళ్ళో సమాధులు తవ్వేవాళ్ళకు పెద్దని. జీతంలేని పని, గౌరవం మాత్రం ఉంది. ఎవరు పోయినా కబురు ముందు నాకే వస్తుంది. ఆ రోజు పొయ్యి మీద ఏముంటే అది దించేసి ఊరంతా చావింటికి రావాలి. పొలం లేదు, సంత లేదు. రానివాడి గురించి రెండు మాటలు పుడతాయి. మందుపెట్టి చంపింది వాడేనేమో అని ఒకటి. వాడింట్లో చావు రానీ, అప్పుడు చూద్దాం అని రెండోది.

ఏటా జూలైలో మా చర్చికి తెల్లవాళ్ళ బృందం వస్తుంది. వాక్యం చెబుతారు, పాటలు పాడతారు, పిల్లలకు చొక్కాలు పంచుతారు. ఆ ఏడు కంటి డాక్టరమ్మను కూడా తీసుకొచ్చారు. మా ఊరికి ఒక్కటే రోజు. నలభై ఒక్కమంది పేర్లు రాయించుకున్నారు. సరిగ్గా ఆ తెల్లవారుజామునే గ్రామపెద్ద చెల్లెలు నాసిబెకో చచ్చిపోయింది.

మా పాస్టర్ పరుగున వెళ్ళి డాక్టరమ్మను బతిమాలాడు.

"ఇవాళ మా ఊళ్ళో చావమ్మా. ఎవరూ రారు. రేపు పెట్టుకోండి."

"అయ్యో పాపం, ఆమె ఇంటివాళ్ళ కోసం ప్రార్థన చేస్తాం. రేపు మాత్రం కుదరదు. అవతలి ఊరికి మాటిచ్చాం," అందావిడ.

మంచి మనిషే. చెడ్డదైతే నాలుగు తిట్లు తిట్టుకుని ఊరుకునేవాణ్ణి. వచ్చి మా ఆడవాళ్ళ పక్కన చాప మీద ఓ గడియ కూర్చున్నా, మా ఊరి పెద్దాయన మెత్తబడి జనాన్ని పంపేవాడేమో. అంత దూరం నుంచి మా కోసమే వచ్చినవాళ్ళకు ఆ నాలుగడుగులు వెయ్యాలని తోచలేదు.

పేర్లు రాయించుకున్నవాళ్ళలో నలభైమంది చావింట్లోనే కూర్చున్నారు. నేను భుజాన పారతో శ్మశానానికి పోతుంటే, చర్చి వైపు వెళ్తూ ఎనిఫా, లైటన్ ఎదురయ్యారు.

"అక్కా, చావిల్లు ఇటు కాదు," అన్నాను.

"తెలుసులేరా. గుడ్డిదాన్నే గానీ చెవిటిదాన్ని కాదు. ఏడుపు వినబడుతోంది."

"పెద్దాయన చెల్లెలక్కా. ఊరు ఊరుకోదు."

"వచ్చే ఏడు దాకా నీ ఊరు నాకు తిండి పెడుతుందా? చెప్పు, పెడుతుందా?"

లైటన్ తల దించుకుని, "ఒక్క పూటేగా తమ్ముడూ, అది అవగానే నేరుగా వచ్చేస్తాం," అన్నాడు.

రాలేకపోయారు. డాక్టరమ్మ కుడికంటికి ఆపరేషన్ చేసి, కదలొద్దని పడుకోబెట్టింది. వాళ్ళు తిరిగొచ్చేసరికి మేము గొయ్యి పూడ్చి చేతులు కడుక్కోవడం కూడా అయిపోయింది.

అప్పటికైనా ఓ కోడిని చంకన పెట్టుకుని పెద్దాయన వాకిట్లో మోకాళ్ళ మీద కూర్చుని తప్పైందంటే తీరిపోయే గొడవ. ఎనిఫా వింటేగా! మర్నాడు బావి దగ్గర పెద్దాయన భార్య నిలదీసింది.

"మా ఆడపడుచు మట్టిలోకి పోతుంటే నీకు చూపు కావలసొచ్చిందా?"

"ఆవిడ కళ్ళు మూసుకుంది, నేను తెరుచుకున్నాను. నేనూ కూర్చుని మూసుకుంటే ఆవిడ లేచొస్తుందా?"

సాయంత్రానికి ఆ మాట ఊరంతా తిరిగింది. నేనూ నలుగురికి నవ్వుతూ చెప్పాను. నా నోరు పడిపోనూ!

మరుసటి జూలైలో బృందం మళ్ళీ వచ్చి ఎనిఫాను చర్చిలో ముందు నిలబెట్టింది. అందరూ చూస్తుండగా ఆమె సూదిలో దారం ఎక్కించింది. తెల్లవాళ్ళు చప్పట్లు కొట్టి కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. మా బెంచీల్లో ఒక్క చెయ్యి లేవలేదు. ఆ మౌనం భక్తి అనుకుంది డాక్టరమ్మ.

మా వైపు వానాకాలమైన జనవరిలో లైటన్‌కు జ్వరం వచ్చింది. మూడోరోజు పొద్దున్నే పోయాడు. ఎనిఫా ఏడుపు మా ఇంటిదాకా వినిపించింది. మామూలుగా అయితే ఆ మొదటి కేకకే ఆడవాళ్ళు కొంగులు బిగించి పరుగెత్తాలి. ఎవరూ కదల్లేదు. పెద్దాయన వద్దని చెప్పలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. పాస్టర్ జిల్లా సభలకు పోయి ఉన్నాడు.

"వెళ్ళవా?" అంది మా ఆవిడ.

"ముందు ఎవరైనా కదలనీ," అన్నాను. ఆ పొద్దున ప్రతి ఇంట్లోనూ ఇదే మాట అనుకుని ఉంటారు.

కాసేపటికి ఎనిఫా భర్తను చాపలో చుట్టి, తలుపు దగ్గరగా వేసి, పార పట్టుకుని శ్మశానానికి పోయింది. అది మా గడపకు ఎదురుగానే, చేను అవతల ఉంది. నేను గడప మీద కూర్చుని చూస్తూనే ఉన్నాను. వానకు నానిన బంకమట్టి, పారకు అంటుకుని ఊడదు. ఆమె చేత్తో గీకేసుకుని మళ్ళీ తవ్వేది. మధ్యాహ్నానికి నడుములోతు దిగింది. ఇక నావల్ల కాలేదు. సిగ్గుతో చచ్చిపోతూ వెళ్ళి ఒడ్డున నిలబడ్డాను.

"అక్కా, పైకి రా. నేను తవ్వుతాను."

ఆమె నడుం నిలబెట్టి నన్ను చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"చూపు లేకుండా ఉంటే బాగుండేదిరా తమ్ముడూ. ఎవరొచ్చారో, ఎవరు రాలేదో తెలిసేది కాదు. పొద్దున్నుంచి నువ్వా గడప మీద కూర్చుని ఉండటం నాకు కనిపిస్తూనే ఉంది."

మళ్ళీ వంగి పార వేసింది. లోతు ఎంత ఉండాలో కూడా నన్ను అడగలేదు.