పూర్ణా మార్కెట్‌లో అండమాన్ పావురం

నవ్వుకోండి, పర్లేదు. కానీ ఇది చదివాక నన్ను ఏ పిట్ట పేరూ అడగకూడదు. విశాఖపట్నంలో నా పరువు నిలువునా మునిగిన కథ ఇది. మునగడానికి సముద్రం కూడా అక్కర్లేకపోయింది.

అప్పటికి నేను బైనాక్యులర్స్ కొని మూడు నెలలు. పిట్టలు చూసే మా బృందం అండమాన్ వెళ్తోంది. ఒక్క సీటు మిగిలింది. బృందానికి నాయకుడు మూర్తి మాస్టారు. జంతుశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. "ఎవరు అరుదైన పిట్టను చూపిస్తే సీటు వాళ్ళది" అన్నారు. ఆ దీవుల్లో తప్ప ఇంకెక్కడా సరిగ్గా కనిపించని అడవి పావురం ఒకటుంది. దాన్ని చూడకపోతే ఈ జన్మ దండగనిపించేది నాకు. ఆలూ లేదు చూలూ లేదన్నట్టు, సీటూ లేదు టికెట్టూ లేదు, ఓడ మీద పెట్టుకోవడానికి టోపీ మాత్రం కొనేశాను.

ఆ వారమే చింతపండు కోసం పూర్ణా మార్కెట్‌కి వెళ్ళాను. తోడు మా అప్పలరాజు, ఆటోనగర్‌లో వెల్డరు. తలెత్తి చూద్దును కదా, కొట్టు మేడ మీద గులాబీ రంగు రెక్కల పావురం!

సంచిలోంచి పుస్తకం తీశాను. పుస్తకమంటే జిరాక్స్ కాపీ. అందులో నెమలి కూడా బొగ్గులా ఉంటుంది. రంగులు మనమే ఊహించుకోవాలి. నేను ధారాళంగా ఊహించుకున్నాను.

"దొరికింది బావా! అండమాన్ పావురం! ఓడెక్కి వచ్చేసుంటాది!"

"ఊరపావురంలా ఉంది కదేటి బావా?" అన్నాడు అప్పలరాజు.

"నీకేటి తెలుసు? నువ్వు ఇనుము అతికించుకో."

అక్కడి నుంచే మాస్టారికి ఫోన్ కొట్టాను.

"కూత ఎలా ఉందయ్యా?"

"ఘల్లు ఘల్లుమంటోంది సార్. నడిస్తేనే కూస్తోంది, ఆగితే మానేస్తోంది."

"నడిస్తేనే కూస్తోందా?"

"దీవుల పిట్ట కదా సార్. అక్కడి పద్ధతులు వేరు."

మర్నాడు పొద్దున్నే తొమ్మిది మంది, తొమ్మిది కెమెరాలు, కెమెరా లేకుండా వెంటవచ్చిన అప్పలరాజు, కొట్టు మేడ మీద. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమంటారు, మాది పావురం మీద. పిట్ట వచ్చింది. ఘల్లుమంది. మాస్టారు కూడా కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశారు. నేను టోపీ సర్దుకున్నాను.

అంతలో పక్క మేడ మీద ఒక ముసలాయన గింజల డబ్బా ఆడిస్తూ "ఆవ్, ఆవ్!" అన్నాడు. అండమాన్ పావురం నేరుగా వెళ్ళి ఆయన భుజమెక్కింది.

"ఏటి బాబూ, మా షెహజాదీకి ఇన్ని ఫొటోలు తీత్తన్నారు?"

"ఇది మీదా?" అన్నారు మాస్టారు.

"మాదే. పక్కోళ్ళ గుంపులో కలిసిపోతే తెలవాలని రెక్కలకి రంగు నానే ఏసినాను. కాలికి గజ్జెలు మా మనవరాలు కట్టింది."

మాస్టారు ఆశ చంపుకోలేక అడిగారు. "ఎప్పుడైనా అండమాన్ వెళ్ళిందా?"

"పూర్ణా మార్కెట్ దాటి ఎప్పుడూ ఎల్లనేదు బాబూ!"

ఎనిమిది కెమెరాలు నా వైపు తిరిగాయి. తొమ్మిదోది నాదే, దాని వెనకాల ముఖం దాచుకున్నాను. ఏడుపొచ్చింది, అబద్ధమెందుకు! అప్పలరాజు నిన్ననే ఊరపావురమన్న సంగతి తెలిసి మాస్టారు మాత్రం అతని భుజం తట్టారు. "మొదట సరిగ్గా గుర్తుపట్టింది నువ్వేనట. అండమాన్ వస్తావా?"

వెళ్ళాడండీ! నా టోపీ పెట్టుకుని మరీ వెళ్ళాడు. పది రోజుల తర్వాత అడవిలో కొమ్మ మీద కూర్చున్న అసలు అండమాన్ పావురం ఫొటో పంపాడు. కింద ఒకటే ముక్క: "బావా, దీనికి గజ్జెల్లేవు."

అందుకని నాకు మిగిలిన ఆ జిరాక్స్ పుస్తకం మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఇకపై హంసే దిగొచ్చినా సరే, ముందు దాని కాళ్ళు చూసి, ఆ తర్వాతే నోరు తెరుస్తాను.