గోవిందన్న పలక మీద రాసిన మాట

కరోనా వార్డులు మూసేసిన మరుసటి ఏడాది. పుదుచ్చేరిలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఈఎన్‌టీ వార్డులో నేను నర్సుని. పుట్టింది నెల్లూరు, మెట్టింది ఇక్కడ. తెలుగూ తమిళమూ చదవగలనని నాకు కాస్త గర్వం. ఏంబలం ఊరి గోవిందన్న దాన్ని అణిచాడు.

ఆయన బస్సు డ్రైవరు. స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం. పగలు స్టీరింగు మీదే కునుకు పడుతోందని యూపీపీపీ చేశారు. అంగిలి వెనక వదులుగా ఉన్న కండనూ కొండనాలుకనూ కత్తిరించే ఆపరేషన్ అది. మొదటిరోజు గొంతు వాచి ఊపిరికి అడ్డం పడొచ్చు. మాట్లాడకూడదని పలక ఇచ్చాం.

ఆ పలకతో నా ప్రాణం తీశాడు. ఇంట్లో తెలుగే గానీ లిపి రాదు, తెలుగు మాటల్ని తమిళ అక్షరాల్లో రాసేవాడు. ఇడ్లీ కావాలి, కారప్పొడి కావాలి, ఫ్యాను తిప్పు. చల్లటి పాలూ నీళ్లూ తప్ప ఏమీ ఇవ్వనంటే అలిగి, ఆక్సిజన్ కొలిచే క్లిప్పును వేలి నుంచి పీకేసేవాడు. నేను పెట్టడం, ఆయన పీకడం.

మధ్యాహ్నం మళ్లీ పలక ఎత్తాడు. ‘కాలి’ అని ఉంది. తమిళంలో అంటే ఖాళీ. నీళ్ల జగ్గు నింపి పెట్టాను. ఆయన పలకను గోటితో టకటకా కొట్టాడు. నాకు ఒళ్లు మండింది.

"నిండుగా ఉండాది కదన్నా, యాడ కాలీ?" అన్నాను.

అప్పుడే మందులు తీసుకుని ఆయన భార్య వచ్చింది. ఆమెకు ఏ అక్షరమూ రాదు. పలక వైపు చూడనే లేదు, మొగుడి మొహం చూసింది.

"ఆయనకి గాలి ఆడలేదు సిస్టర్," అంది.

తమిళంలో క, గ రెండింటికీ ఒకటే అక్షరమని నాకు తెలియక కాదు. విసుగులో మరిచిపోయాను. క్లిప్పు పెడితే అంకె తొంభై కిందికి పడిపోయి ఉంది. డాక్టరు పరుగున వచ్చి ఆక్సిజన్ పెట్టించి, వాపు తగ్గే ఇంజెక్షన్ ఇచ్చారు. సాయంత్రానికి ఆయన ఊపిరి కుదుటపడింది. నాకు మాత్రం నా మీద అసహ్యం వేసింది.

అప్పటినుంచి ఆపరేషన్‌కు ముందే ప్రతివాళ్లకీ చెబుతున్నాను: ఊపిరి అందకపోతే రాయొద్దు, గుండె మీద చెయ్యి పెట్టు.

మూడోరోజు గోవిందన్న మళ్లీ ‘కాలి’ అని రాశాడు. ఆక్సిజన్ మాస్కు పట్టుకుని పరుగెత్తాను. ఆయన జగ్గును మంచం మీద బోర్లించి చూపించాడు, చుక్క లేదు. కోపం రాలేదంటే అబద్ధం. కానీ ముందు ఆయన మొహం చూశాను, తర్వాతే జగ్గు నింపాను.